పీఎల్‌సీ నేర్చుకోవడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: పదేళ్లుగా ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పవర్ సప్లైలు, డ్రైవ్ కార్డులు, సెన్సార్లు బాగుచేస్తాను. ఇప్పుడు పీఎల్‌సీ (కర్మాగారాల్లో యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్ లాంటి కంట్రోలర్) ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలనుకుంటున్నాను. ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల కోర్సుకు నా ఐదు నెలల జీతమంత ఫీజు అడుగుతోంది. 14 శాతం వడ్డీకి రెండేళ్ల అప్పు కూడా ఇప్పిస్తామంటున్నారు. ఖర్చులన్నీ పోను జీతంలో 15 శాతం మిగులుతుంది. అత్యవసరాలకని నాలుగు నెలల ఖర్చులకు సరిపడా డిపాజిట్ ఉంది. అప్పు చేయమంటారా, డిపాజిట్ తీయమంటారా?

జవాబు: ఇప్పటికి రెండూ వద్దు. కానీ నేర్చుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి.

ముందు అప్పు సంగతి. మీరు చెప్పిన షరతుల ప్రకారం నెలవారీ వాయిదా జీతంలో 24 శాతం అవుతుంది. మీకు మిగిలేది 15 శాతమే కాబట్టి, తక్కిన తొమ్మిది శాతాన్ని రెండేళ్లపాటు ఇంటి ఖర్చుల్లోంచి కోయాలి. వడ్డీకే ముప్పాతిక నెల జీతం పోతుంది. ఇక డిపాజిట్ అంటారా, మొత్తం తీసినా అది మూడున్నర నెలల జీతం లోపే; ఫీజుకు చాలదు. పైగా ఉద్యోగం మారాలనుకునే మనిషికి ఆ నిల్వ అందరికంటే ఎక్కువ అవసరం. కోర్సు తర్వాత పెరుగుతుందని చెబుతున్న జీతం ఇంకా మీ చేతికి రాలేదు. దాన్ని నమ్ముకుని వాయిదా ఒప్పుకోకండి.

ఈ ఆర్థిక సలహాల వృత్తిలోకి రాకముందు కొన్నేళ్లు ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేశాను. అందుకే తర్వాతి మాట ధైర్యంగా చెబుతున్నాను: ఆ ఫీజులో పెద్ద భాగం మీకు ఇప్పటికే తెలిసిన విషయాలకే పోతుంది. 24 వోల్టుల ఇన్‌పుట్, ఎన్‌పీఎన్, పీఎన్‌పీ సెన్సార్ల తేడా, రిలే కాంటాక్టులు మీకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. పీఎల్‌సీలు 1960ల చివర కార్ల పరిశ్రమలో రిలే ప్యానెళ్ల స్థానంలోకి వచ్చాయి. రిలే సర్క్యూట్లు చదవగలిగినవాళ్లు ఈ ప్రోగ్రామునూ చదవగలగాలనే ల్యాడర్ అనే పీఎల్‌సీ భాషను ఆ సర్క్యూట్ బొమ్మల ఆకారంలో తయారుచేశారు. ఆ లెక్కన మీరు సగం దూరం వచ్చేశారు.

మిగతా సగంలో మొదటి మూడు నెలలు ఖర్చు లేకుండా గడపవచ్చు. పీఎల్‌సీ ప్రోగ్రాములు రాసే కోడెసిస్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా దించుకోవచ్చు. అందులోని సిమ్యులేషన్‌కు కంట్రోలర్ అక్కర్లేదు, విండోస్ కంప్యూటర్ చాలు. సిమెన్స్ వారి ఇలాంటి సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్ ట్రయల్ మాత్రం 21 రోజులే. వరుసగా మూడు వారాలు సాయంత్రాలు ఖాళీ ఉన్నప్పుడే దాన్ని తెరవండి, లేకపోతే ఆ గడువు వృథా అవుతుంది. ‘ఒక కంపెనీది నేర్చుకుంటే ఇంకోదానికి పనికిరాదేమో’ అనే భయం వద్దు. పీఎల్‌సీ భాషలకు ఐఈసీ 61131-3 అనే అంతర్జాతీయ ప్రమాణం 1993 నుంచి ఉంది. ఒకరి ప్రాజెక్టు ఫైలు మరొకరి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోకపోవచ్చు గానీ, ల్యాడర్, ఫంక్షన్ బ్లాక్, స్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే ఆ భాషలు ఒకచోట పట్టుబడితే మరోచోట కొద్ది రోజుల్లో అలవాటవుతాయి.

మొదటి అభ్యాసంగా స్టార్ట్, స్టాప్ బటన్లతో ఒక మోటారు నడపండి. చూడటానికి ఒక్క గీతే. స్టార్ట్ నొక్కితే అవుట్‌పుట్ ఆన్ అవుతుంది, దాని సొంత కాంటాక్టే దాన్ని పట్టి ఉంచుతుంది. చిక్కు స్టాప్ దగ్గర వస్తుంది. నిజమైన ప్యానెల్‌లో స్టాప్ బటన్‌ను నార్మల్లీ క్లోజ్డ్‌గా (నొక్కనప్పుడు కరెంటు పారేలా) వైరు చేస్తారు కాబట్టి, నొక్కనప్పుడు ఆ ఇన్‌పుట్ 1గా ఉంటుంది. అందువల్ల ల్యాడర్‌లో దానికి నార్మల్లీ ఓపెన్ గుర్తు (ఇన్‌పుట్ 1 అయితేనే దారి ఇచ్చేది) పెట్టాలి. కొత్తవాళ్లు తలకిందులుగా పెట్టి, మోటారు ఎందుకు కదలడం లేదని గంటలు పోగొట్టుకుంటారు. అలా వైరు చేయడానికి కారణం మీకు వెంటనే తడుతుంది: వైరు తెగితే మోటారు ఆగాలి. అయితే ఎమర్జెన్సీ స్టాప్‌ను మామూలు ప్రోగ్రాము మీద వదిలేయకూడదు, దానికి సేఫ్టీ రిలేతో విడి సర్క్యూట్ ఉండాలి. నడుస్తున్న యంత్రం మీద ప్రయోగాలు ఎన్నడూ చేయకండి.

ఈ మూడు నెలలూ మిగిలే 15 శాతాన్ని విడి ఖాతాలో వేస్తే, దాదాపు సగం నెల జీతం చేరుతుంది. రెండో మెట్టుకు మీ హద్దు అదే. ఒక చిన్న కంట్రోలర్, నాలుగు స్విచ్‌లు, రెండు దీపాలు కొనండి. పవర్ సప్లై, మీటరు మీ బల్ల మీదే ఉంటాయి. ఏ కంపెనీది అన్నది మీరు చేరాలనుకునే కర్మాగారాల ప్యానెళ్లను చూసి తేల్చుకోండి. వాడేసినది చవకగా దొరికితే మంచిదే, కానీ అక్కడే డబ్బు పోతుంది. ఆ మోడల్‌కు సాఫ్ట్‌వేర్ ఉచితమా? కేబుల్ దొరుకుతుందా? పాత యజమాని పాస్‌వర్డ్ వేసి వదిలాడా? ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటి విండోస్‌లో నడుస్తుందా? హార్డ్‌వేర్ కంటే లైసెన్సు ఖరీదైన సందర్భాలు ఈ రంగంలో మామూలే.

ఆ తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే, ఫీజు భరిస్తారేమో ముందు మీ యాజమాన్యాన్ని అడగండి. ప్యానెల్ లోపాన్ని బయటి మనిషి కోసం ఆగకుండా పట్టుకోగల టెక్నీషియన్ వాళ్లకూ లాభమే. వాళ్లు కాదంటే, ఆరు నెలల కోర్సు బదులు మీరు ఎంచుకున్న కంట్రోలర్ మీద కొన్ని రోజుల శిక్షణ వెతకండి. ఫీజు కట్టే ముందు ఒక్కో కంట్రోలర్ దగ్గర ఎంతమందిని కూర్చోబెడతారో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.

మూడు నెలల తర్వాత నాకు మళ్లీ రాయండి. ఈలోగా రెండు పంపులు వంతులవారీగా నడిచే ట్యాంకు ప్రోగ్రాము ఒకటి చేసి ఉంచండి. నీటి మట్టాన్ని 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల కరెంటుగా పంపే లెవెల్ ట్రాన్స్‌మిటర్ 12 మిల్లీయాంపియర్లు ఇస్తే ట్యాంకు సగం అని అది చూపాలి. కరెంటు 4కు బాగా కిందికి, దాదాపు సున్నాకు పడిపోతే ట్యాంకు ఖాళీ అనుకోకుండా, వైరు తెగిందని గుర్తించి పంపులను ఏం చేయాలో నిర్ణయించాలి. అది పనిచేస్తోందని మీరు చెప్పాక, కోర్సు ఫీజు లెక్క మళ్లీ వేద్దాం.