చైనాలో వెయ్యి కోట్లు వస్తే చేతికి ఎంత?

ప్రశ్న: సార్, 'దంగల్' చైనాలో వెయ్యి కోట్లు దాటిందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. మన 'బాహుబలి 2' మాత్రం అక్కడ ఆ స్థాయిలో ఎందుకు ఆడలేదు? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు చదివింది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. 2017లో 'దంగల్' అక్కడ దాదాపు 130 కోట్ల యువాన్లు, అంటే అప్పటి మారకంలో 1,200 కోట్ల రూపాయల పైచిలుకు వసూలు చేసిన మాట నిజమే. కానీ చైనాలో వాటా పద్ధతిలో విడుదలయ్యే విదేశీ సినిమాకి దక్కేది గ్రాస్‌లో 25 శాతం. ఆ పద్ధతికి కోటా కూడా ఉంది. 1994లో ఏడాదికి 10 సినిమాలు, చైనా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో చేరాక 20, 2012 నుంచి 34. వాటిలో సింహభాగం హాలీవుడ్‌దే. మిగతావాళ్లు ఎక్కువగా ఇంత అని రేటు మాట్లాడుకుని అమ్మేసుకోవాల్సిందే.

ఇక 'బాహుబలి 2' మన దగ్గర వచ్చిన ఏడాదికి, 2018 మేలో అక్కడ విడుదలైంది. 2016లో వెళ్లిన మొదటి భాగాన్ని పెద్దగా ఎవరూ చూడలేదు. కట్టప్ప ఎందుకు చంపాడన్న టెన్షనే లేనివాడికి రెండో భాగం మీద ఆత్రం ఏముంటుంది? పైగా రాజులు, కత్తులు, గాల్లో ఎగిరే యోధులు వాళ్లకి రోజూ ఇంట్లో వండే కూరే. కూతుళ్లకు కుస్తీ నేర్పే మొండి తండ్రి కథ అలా కాదు, పిల్లలు నెగ్గుకు రావాలన్న ఆరాటం అక్కడా ఇంటింటా ఉన్నదే. ఆమిర్ ఖాన్ మీద '3 ఇడియట్స్' నాటి నుంచే అభిమానం ఉంది. విడుదలకు ముందు ఆయనే వెళ్లి ప్రచారం చేసుకొచ్చాడు కూడా.

ప్రశ్న: వాళ్ల కలెక్షన్లు నమ్మొచ్చా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పనిచేశానమ్మా, ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది. సెకండ్ షో మొదలయ్యాక బుకింగ్ క్లర్కు పక్కన కూర్చుని, టికెట్ పుస్తకాల నంబర్లు సరిచూసి డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ల లెక్క కాగితం మీద సంతకం పెట్టడం నా ఉద్యోగం. చైనాలో టికెట్ తెగగానే లెక్క ప్రభుత్వ కంప్యూటర్లకు చేరుతుంది. ప్రతి టికెట్ మీద 5 శాతం సినిమా నిధికి కట్టాలి మరి! సినిమా టికెట్లు అమ్మే మావోయాన్ యాప్‌లో ఏ సినిమా ఈ నిమిషానికి ఎంత చేసిందో ఎవరైనా చూసుకోవచ్చు.

అయినా దొంగ తెలివి ఎక్కడైనా ఒకటే. 2016లో ఒక కుంగ్‌ఫూ సినిమాకి 7,600కు పైగా దొంగ షోలు చూపించి దొరికిపోయారు. మా రోజుల్లో నిండిన హాలును సగమే నిండిందని చూపేవాళ్లు, వీళ్లేమో లేని జనాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ డిస్ట్రిబ్యూటర్ లైసెన్సు నెల రోజులు ఆపేశారు. 2017 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన సినిమా చట్టంలో ఇలాంటి వాటికి జరిమానాలు పెట్టారు.

ప్రశ్న: చైనా సినిమావాళ్లు ఇంత వేగంగా ఎలా పెరిగారు? – ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: తెరలు బాబూ, తెరలు. చిన్న ఊళ్లో మాల్ లేచినా పైన మల్టీప్లెక్స్ పెట్టారు. 2016 చివరికి 41 వేలు దాటి అమెరికాను మించారు, 2024 చివరికి 90 వేలు దాటారు. 2010లో వెయ్యి కోట్ల యువాన్లున్న ఏడాది వసూళ్లు 2019లో 6,400 కోట్లు దాటాయి. తర్వాత తెరలు పెరిగాయి కానీ జనం పెరగలేదు, 2024లో వచ్చింది సుమారు 4,250 కోట్లే. మళ్లీ 2025 జనవరి 29న, వాళ్ల కొత్త సంవత్సరం రోజున వచ్చిన యానిమేషన్ సినిమా 'నే జా 2' ఒక్కటే 1,500 కోట్ల యువాన్లు దాటింది. అంతా దాన్ని చూసి చప్పట్లు కొడుతున్నారు గానీ నాకు ఎగ్జిబిటర్, అంటే థియేటర్ నడిపేవాడు గుర్తొస్తాడు. పండక్కి వచ్చిన డబ్బుతో నవంబర్ కరెంటు బిల్లు కట్టాల్సింది ఆయనే.