జీపు బాబుది, ఇచ్చింది మీరు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది రాజమండ్రి. బాబుకి ఆరేళ్ళు, పాపకి నాలుగు. గుడికెళ్తే హుండీలో వెయ్యమని చిల్లర చేతిలో పెడితే ఇద్దరూ పోటీపడి వేస్తారు. కానీ మొన్న మా పనమ్మాయి తన కూతుర్ని వెంటబెట్టుకొస్తే, బాబు ఎప్పుడో ఆడడం మానేసిన జీపు ఒకటుంటే తీసి ఆ పిల్లకిచ్చాను, అంతే, ఇల్లు పీకి పందిరేశాడు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా అత్తగారు వీడు పిసినారి అవుతాడు అంటున్నారు. మావారేమో ఘాట్ దగ్గర అడుక్కునేవాళ్ళకి అసలేమీ ఇవ్వొద్దు, సోమరితనం నేర్పినట్టే అంటారు. పిల్లలకి ఇచ్చే గుణం ఎలా అలవాటు చెయ్యాలి?

జవాబు: మీ బాబు పిసినారి కాడమ్మా, ముందు ఆ మాట వాడి చెవిన పడకుండా చూడండి, ఆరేళ్ళ పిల్లాడికి ఒక పేరు పెట్టేస్తే దాన్నే నమ్ముకుంటాడు. హుండీలో పడింది మీ డబ్బు, వాడి చేత్తో వేయించారు. జీపు వాడిది, మీరు ఇచ్చేశారు. ఈ రెండింట్లో ఎక్కడా వాడు ఇచ్చింది లేదు కదా.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. రెండేళ్ళు నిండని పిల్లల ముందు గిన్నెలో చిరుతిండి పెట్టి, ఎదురుగా ఒక కోతిబొమ్మని కూర్చోబెట్టి, దానికి పెట్టమన్నారు. వేరే ఎక్కడినుంచో తీసిచ్చింది పెట్టినప్పటికంటే, తమ గిన్నెలోది తీసి పెట్టినప్పుడే పిల్లల మొహాల్లో ఎక్కువ సంతోషం కనిపించిందట. అంటే ఆ గుణం మనం కొత్తగా పొయ్యక్కర్లేదు, వాళ్ళ చేతిలోది వాళ్ళనే ఇవ్వనిస్తే చాలు.

మాది కోనసీమ. ధనుర్మాసంలో హరిదాసు చిడతలు వినపడగానే మా నాయనమ్మ బియ్యం డబ్బా మూత తీసి పక్కకి జరిగేది, ఎన్ని తియ్యాలో చెప్పేది కాదు, నా దోసిట్లో ఎన్ని పడితే అన్ని. వాకిట్లోకెళ్ళేసరికి సగం వేళ్ళసందుల్లోంచి కారిపోయేవి, అరుగు మీద, మెట్ల మీద, ముగ్గులో గొబ్బెమ్మ పక్కన. అయినా ఎవరూ కసిరేవాళ్ళు కాదు. ఆయన తలమీది పాత్ర దించడు, పలకరించడు, నాకు అందాలని మోకాళ్ళ మీద వంగేవాడు, దండలోని బంతిపూల వాసన మొహానికి తగిలేది, నేను పోసేదాకా అలాగే ఉండేవాడు. అంత పెద్దాయన నాకోసం వంగాడని ఆ రోజంతా ఎంత సంబరమో! ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో హరిదాసు గేటు దాటి రావడం లేదు, నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అందుకే నిరుడు ఎండాకాలం మా మనవరాలితో గేటు పక్కన చలివేంద్రం పెట్టించాను. ఒక మట్టికుండ, చుట్టూ తడిగుడ్డ, మూత మీద స్టీలు గ్లాసు. నీళ్ళు పొయ్యడం తన డ్యూటీ. మొదటిరోజు డెలివరీ అబ్బాయికి పోస్తూ సగం అతని బూట్ల మీద పోసింది, నేను కంగారుపడ్డాను గానీ అతను హెల్మెట్ తీసి గడగడా తాగి, ఇంకో గ్లాసు పొయ్యి తల్లీ అన్నాడు. నాలుగో రోజుకి దానికి విసుగొచ్చింది, నేను బలవంతపెట్టలేదు. మర్నాడు అతనే పాపేదండీ అని అడిగితే లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. మీరు కూడా డబ్బుతో కాకుండా ఇలాంటి పనితో మొదలుపెట్టండి, నాలుగేళ్ళ పాపకి నోటు విలువ తెలీదు గానీ దాహం తెలుసు.

బాబుకి మాత్రం వారానికి 20 రూపాయలు ఇచ్చి చూడొచ్చు. అందులో డిబ్బీలో ఎంత వేస్తాడు, ఎవరికిస్తాడు అన్నది వాడే తేల్చుకోవాలి. వీధికుక్కకి బిస్కెట్లు కొంటానన్నా సరే, ఈ వారం మొత్తం చాక్లెట్లకే పెట్టేసినా తిట్టకండి.

మీవారి మాట కొట్టిపారెయ్యను, పిల్లల్ని ముందుపెట్టి అడుక్కునే చోట డబ్బులివ్వడానికి నాకూ మనసొప్పదు. కానీ పిల్లల ఎదురుగా ఛీ, పో అనడం మాత్రం వద్దని చెప్పండి. ఘాట్‌కి వెళ్ళేటప్పుడు అరటిపళ్ళు పట్టుకెళ్ళండి, విసిరెయ్యకుండా, తీసుకో తాతా అని బాబు చేతిలో పెట్టాలి. ఆ టైంలో దయచేసి ఫోన్ తియ్యకండి, ఇచ్చే పిల్లాడి ఫొటోలో తీసుకునేవాళ్ళ మొహం కూడా పడుతుంది, అది స్టేటస్‌లో పెట్టుకునేది కాదు.

కథ కావాలంటే మీకు దగ్గర్లోనే డొక్కా సీతమ్మగారు ఉన్నారు. 1841లో పుట్టి 1909లో పోయారు, లంకల గన్నవరంలో తన ఇంటికి ఆకలితో ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా అన్నం పెట్టారు. ఆంధ్రాలో బడి మధ్యాహ్న భోజనానికి 2024లో ఆవిడ పేరే పెట్టారు, గోదారిపాయ మీదుగా కాలువని దాటించే వంతెన, గన్నవరం అక్విడక్ట్‌కీ ఆవిడ పేరే. ఒక ఆదివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి, గోదారి చూపిస్తూ చెప్పండి.

ఇక జీపు. ఆ పాప దగ్గర్నుంచి వెనక్కి అడగకండి, పాపం ఆ పిల్ల ఏం చేసింది. బాబునే కూర్చోబెట్టుకుని, నీదని తెలిసీ నిన్ను అడక్కుండా ఇచ్చాను, తప్పు నాదే నాన్నా, సారీ అనండి. ఈసారి ఆ పాప వచ్చినప్పుడు ఆ ఇద్దర్నీ కాసేపు ఆడుకోనివ్వండి, ఏదన్నా ఇస్తానంటే వాడినే అననివ్వండి, అనకపోతే ఊరుకోండి.