ఏది నిజం, ఆరా పద్దెనిమిదా?

ప్రశ్న: పురిటికి పుట్టింటికొచ్చాను. పాపకు రెండు నెలలు. చెకప్‌లో డాక్టరమ్మ ఎడిన్‌బరా స్కేల్ అని, బాలింతకు డిప్రెషన్ ఉందేమో చూసే ప్రశ్నల కాగితం ఇచ్చారు. అమ్మ పక్కనే ఉంది. ‘అలా టిక్కు పెట్టకే, అత్తారింట్లో తెలిస్తే పిచ్చిదంటారు’ అంది. నిద్ర ప్రశ్న దగ్గర ‘బాలింతకు నిద్రేంటి’ అని కొట్టేయించింది. పాప పడుకున్నా నాకు కన్ను మూతపడదు. 6 మార్కులొచ్చాయి. రెండ్రోజుల తర్వాత ఒక్కదాన్నే రాసుకుంటే 18. ఏది నిజం? మా అత్తగారికి తెలిస్తే ఏమంటారోనని టెన్షన్.

జవాబు: పద్దెనిమిదే. పది ప్రశ్నలు, మొత్తం 30, గడిచిన ఏడు రోజుల గురించి అడుగుతారు. 13, ఆపైన వస్తే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు. జబ్బు అవునో కాదో కాగితం తేల్చదు, మీతో మాట్లాడి డాక్టరమ్మే తేల్చాలి. కానీ ఆవిడకు చేరింది 6.

మీ ఉత్తరం నిండా అత్తగారి భయమే. పాపం, ఆవిడ ఇంతవరకూ ఒక్క మాటన్నట్టు మీరు రాయలేదు. ఆ మాటన్నది మీ అమ్మగారు.

1987లో ఈ స్కేల్ తయారుచేసిన కాక్స్, హోల్డెన్, సాగోవ్‌స్కీలు అప్పుడే సూచన పెట్టారు: బాలింత తనే నింపాలి, జవాబులు ఎవరితోనూ చర్చించకూడదు. అంటే పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు బ్రిటన్‌లోనూ ఉంటారన్నమాట! మీ అమ్మగారు నిద్ర ప్రశ్న దగ్గర ‘బాలింతకు నిద్రేంటి’ అని కొట్టేయించారట. పాప లేపడం గురించి కాదు ఆ ప్రశ్న. మనసు బాగోక నిద్ర పట్టట్లేదా అని. పాప పడుకున్నా నాకు కన్ను మూతపడదని మీరే రాశారు కదా.

అమ్మగారు చెడ్డవారనను. కాయం, పథ్యం, పాప స్నానం అన్నీ చూస్తున్నారు. కానీ కూతురి కాపురం పరువు కోసం కూతురి బాధనే దాచేయడం నాకు మింగుడుపడదు. బిడ్డ తల్లయ్యాక కూడా అమ్మ చెప్పినచోట టిక్కు పెట్టడం వినయం కాదండీ.

ఈ రాత్రే మీ ఆయనకు ఫోన్ చేసి 18 అని చెప్పండి. ఈ వారంలోనే ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళండి, రెండో కాగితం చూపించండి.

పదో ప్రశ్నకు ఏం పెట్టారో మీరు రాయలేదు. మీకు మీరే హాని చేసుకోవాలని అనిపించిందా అన్నదానికి సున్నా కాకుండా ఏది పెట్టినా వారం ఆగకండి, ఈరోజే వెళ్ళండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చుండదు.

మీరు లోపల మాట్లాడుతున్నంతసేపూ అమ్మగారు బయట పాపను ఎత్తుకుని కూర్చుంటారు.