ఎమర్జెన్సీలో ఫిజియో ఉద్యోగం: ఏ కోర్సు చేయాలి?

ప్రశ్న: గుంటూరులో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆస్ట్రేలియాలో ఎమర్జెన్సీకి వచ్చే పేషెంట్లను ఫిజియోలే నేరుగా చూస్తారని మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా పెద్దమ్మగారి అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? దానికి ఏ కోర్సు చేయాలి?

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమే. అక్కడ ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను తీవ్రతను బట్టి 1 నుంచి 5 వరకు కేటగిరీలుగా విడదీస్తారు. 1 అంటే ప్రాణాపాయం. చాలా ఆసుపత్రుల్లో 4, 5 కేటగిరీల్లోని కాలు బెణికినవాళ్లను, మోకాలికి దెబ్బ తగిలినవాళ్లను, నడుం పట్టేసినవాళ్లను సీనియర్ ఫిజియోలే ముందుగా చూస్తారు. ఎక్స్‌రే రాయడం, స్ప్లింట్ కట్టడం, జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపడం అన్నీ వాళ్లే. బ్రిటన్‌లోనైతే 2013 నుంచి ప్రత్యేక శిక్షణ పొందిన ఫిజియోలు సొంతంగా మందులు కూడా రాయవచ్చు.

అయితే ఇది ఫ్రెషర్లకు ఇచ్చే పోస్టు కాదు. ఎవరిని వెంటనే డాక్టరుకు అప్పగించాలో పసిగట్టడమే ఇందులో అసలు పని. నడుం నొప్పితో వచ్చిన మనిషి మూత్రం రావట్లేదని, తొడల మధ్య స్పర్శ తెలియట్లేదని అంటే అది కాడా ఈక్వైనా (వెన్ను కింది భాగంలోని నరాల కట్ట నొక్కుకుపోవడం) కావచ్చు. అలాంటివాళ్లకు ఎక్సర్‌సైజులు చెప్పి పంపేస్తే జీవితాంతం ఇబ్బంది పడతారు. బెణికిన చీలమండకు ఎక్స్‌రే కావాలా వద్దా అని తేల్చే ఒట్టావా రూల్స్ పరీక్షల కోసం బట్టీపట్టే ఉంటారు; అక్కడ రోజూ వాటితోనే పని. ఈ చూపు వారాంతపు సర్టిఫికెట్ కోర్సులతో రాదు, వాటికి డబ్బు తగలేయకండి.

మన క్యాజువాలిటీల్లో ఫిజియోకు ఇంకా ఇలాంటి పాత్ర లేదు, డాక్టరు పిలిస్తే వెళ్లడమే ఎక్కువ. అయినా ఇంటర్న్‌షిప్‌లో ఆర్థో ఓపీ, క్యాజువాలిటీ పోస్టింగులు అడిగి మరీ వేయించుకోండి. ఎక్స్‌రేలు చూడటం అలవాటు చేసుకోండి. తర్వాత ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) ఆర్థో చేసి, రద్దీగా ఉండే ఆసుపత్రిలో రెండు మూడేళ్లు పనిచేస్తే పునాది గట్టిపడుతుంది.

ఆస్ట్రేలియా వెళ్లాలంటే ఆస్ట్రేలియన్ ఫిజియోథెరపీ కౌన్సిల్ పెట్టే రాత, క్లినికల్ పరీక్షలు దాటాలి. వాటిలో ఆర్థోతో పాటు న్యూరో, కార్డియో కూడా ఉంటాయి కాబట్టి ఆ పుస్తకాలు జూనియర్లకు ఇచ్చేయకండి. బ్రిటన్‌కైతే ఫిజియోలను నమోదు చేసే అక్కడి సంస్థ హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్ కావాలి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ మాత్రం ఇప్పుడే రాయొద్దు, ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.