టెక్ సందేహాలు: డీవీడీ రైటర్ పోయిన చోట ఏం పెట్టొచ్చు?

ప్రశ్న (ఖమ్మం నుంచి): పదేళ్ల కిందటి డెస్క్‌టాప్ మాది. డీవీడీ రైటర్ పాడైతే తీసేశాం. ఆ ఖాళీలో పెడదామని లోపల బిగించే మెమరీ కార్డ్ రీడర్ కొన్నాను. తీరా చూస్తే రీడర్ చిన్నది, ఖాళీ పెద్దది. లోపలికి తోస్తే అటూ ఇటూ ఊగుతోంది. ఎలా బిగించాలి?

జవాబు: మీరు కొన్నది 3.5 అంగుళాల రీడర్. ఒకప్పుడు ఫ్లాపీ డ్రైవ్ కూర్చున్న చోటి కొలతతో చేసిన వస్తువు. మీ దగ్గర ఖాళీ అయింది 5.25 అంగుళాల బే. ఈ అంగుళాలు ఆనాటి ఫ్లాపీ డిస్కుల సైజులే తప్ప కంత కొలతలు కావు. అందుకే స్కేలు పెట్టి ఎంత వెతికినా క్యాబినెట్‌లో 5.25 ఎక్కడా దొరకదు. బేలో పట్టే డ్రైవ్ వెడల్పు 146 మి.మీ., ఎత్తు 41 మి.మీ. పైచిలుకు. మీ రీడర్ వెడల్పు 101.6, ఎత్తు 25.4. అంటే రెండు పక్కలా చెరో 22 మి.మీ. సందు, ఎత్తులో మరో 16 మి.మీ. ఖాళీ. ఊగక ఏం చేస్తుంది?

ఈ సందు పూడ్చేదే 5.25 నుంచి 3.5కు మార్చే బ్రాకెట్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్లా, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. అయితే ఇందులో రెండు రకాలున్నాయి, పొరపాటు జరిగేది ఇక్కడే. ఒకటి హార్డ్‌డిస్క్ కోసం చేసింది. దానికి ముందువైపు మొహం ఉండదు, లేదా మూసేసి ఉంటుంది. డిస్క్ లోపలే దాక్కుంటుంది కాబట్టి దానికి అదే చాలు. మీకు కావాల్సింది ముందు ప్లాస్టిక్ పలకలో 3.5 అంగుళాల కిటికీ కోసి ఉన్న రకం. పైగా ఫ్లాపీకి, హార్డ్‌డిస్క్‌కి పక్క రంధ్రాలు ఒకే చోట ఉండవు. హార్డ్‌డిస్క్ బ్రాకెట్‌లో రీడర్ బిగిస్తే మొహం ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి పోయి, కార్డు తీయడానికి గోళ్లు చాలని పరిస్థితి వస్తుంది. బ్రాకెట్ పక్కలకు గుండ్రటి రంధ్రాలు కాకుండా పొడవాటి గాడులున్నాయో లేదో చూసి కొనండి. ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు.

బ్రాకెట్ కొనేముందు మరో పని ఉంది, నా దృష్టిలో అదే అసలు పని. సైడ్ ప్యానెల్ తీసి మదర్‌బోర్డు మీద ఖాళీ యూఎస్‌బీ హెడర్ ఉందో లేదో చూడండి. 3.5 అంగుళాల రీడర్లలో ఎక్కువ భాగం 9 పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కే తగులుకుంటాయి. రెండు వరసల్లో అయిదేసి, ఒక మూల పిన్ను లేకుండా ఉండేదే ఆ హెడర్. దాన్నుంచి రెండు పోర్టులు వస్తాయి. పాత బోర్డుల్లో ఇలాంటివి రెండే ఉండి, ఒకటి ముందు పోర్టులకే పోతే మిగిలేది ఒక్కటే. అదీ లేకపోతే రీడర్‌ను ఎంత అందంగా బిగించినా బొమ్మే. తర్వాత బే నుంచి హెడర్ దాకా దారం పట్టి కొలవండి. హెడర్లు సాధారణంగా బోర్డు అడుగు అంచున ఉంటాయి, బే ఏమో క్యాబినెట్ నెత్తిన. పెద్ద టవర్లలో రీడర్ కేబుల్ అందక ఆగిపోయిన పనులెన్నో.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పాత బోర్డుల్లో ఫైర్‌వైర్ (వీడియో కెమెరాల్లాంటివి కలిపే పాత పద్ధతి, 1394 దాని మరో పేరు) హెడర్ కూడా ఉండేది. దానిదీ అచ్చం అదే 9 పిన్నుల రూపం, లేని పిన్ను కూడా అదే మూల. దాంట్లో 12 వోల్టులు వస్తాయి. 5 వోల్టుల రీడర్‌ను అందులో గుచ్చితే పొగే. పక్కన బోర్డు మీద 1394 అని ముద్రించి ఉంటుంది, టార్చి వేసి చదవండి. ఆడియో హెడర్‌ది కూడా ఇంచుమించు ఇదే ఆకారం కానీ దాంట్లో లేని పిన్ను వేరే చోట, ప్లగ్గు దిగదు. దిగకపోతే నొక్కకండి.

ఇక బిగింపు. ప్లగ్గు పీకాక పవర్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ రంగు లేని ఇనుము మీద చెయ్యి పెట్టి స్టాటిక్ పోగొట్టుకోండి. రెండు సైడ్ ప్యానెళ్లూ తీయాలి, ఒకటి తీసి సరిపెట్టుకుంటే ఆనక ఒకవైపే స్క్రూలు పడతాయి. ముందు ప్యానెల్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కేలను లోపలివైపు నుంచి ఒక్కొక్కటిగా నొక్కి వదిలించాలి. పదేళ్ల ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది, ముందు నుంచి లాగితే టపీమని విరుగుతుంది. ఇప్పటిదాకా వాడని బే అయితే ప్లాస్టిక్ మూత వెనక ఒక రేకు కూడా ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ముందుకీ వెనక్కీ ఊపితే అతుకులు తెగి ఊడొస్తుంది. దాని అంచు బ్లేడు లాంటిది, గుడ్డ పట్టుకోండి.

రీడర్‌ను బ్రాకెట్‌లో పెట్టి నాలుగు స్క్రూలు సగం వరకే తిప్పండి. కేబుల్‌ను ముందు నుంచి బేలోకి దూర్చి, దాని వెనకే బ్రాకెట్‌ను తోయండి. బ్రాకెట్‌కు పక్కకు రెండేసి, ఇవి కూడా సగమే. అప్పుడు ముందు ప్యానెల్ ఒకసారి తగిలించి, రీడర్ మొహం ప్యానెల్‌తో సమానంగా వచ్చేదాకా జరిపి, ప్యానెల్ మళ్లీ తీసి, అన్నీ బిగించండి. ప్యానెల్ తగిలించకుండా అంచనాతో బిగించిన వాళ్లు మళ్లీ మొదటికి రావాల్సిందే. మొత్తం ఎనిమిది స్క్రూలు పడతాయి. నాలుగుతో కానిద్దామనుకుంటే కార్డు నొక్కిన ప్రతిసారీ రీడర్ ఇంచుక లోపలికి పోతుంది.

స్క్రూల సంగతి. డెస్క్‌టాప్ పెట్టెలో రెండు జాతులు కలిసిపోయి ఉంటాయి. డీవీడీ డ్రైవ్, ఫ్లాపీ, కార్డ్ రీడర్, ఎస్‌ఎస్‌డీకి సన్నమరల ఎం3. పెద్ద హార్డ్‌డిస్క్‌కూ, క్యాబినెట్‌కూ ముతకమరల 6-32. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. సెంటీమీటరు పొడవులో ఎం3కి ఇరవై చుట్లుంటే, 6-32కి పన్నెండు పదమూడే. ముతకదాన్ని సన్న రంధ్రంలో బలవంతంగా తిప్పితే మరలు చెడతాయి. సన్నదాన్ని ముతక రంధ్రంలో పెడితే పట్టు దొరకదు. రీడర్లకు 5 మి.మీ. పొడవు చాలు, అంతకంటే పొడుగైతే లోపలి సర్క్యూట్‌ను తాకొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో తెగ దొరికే హెచ్‌పీ ఆఫీసు టవర్లలో మాత్రం బేలోకి జారడానికి తలకాయ పెద్దదైన గైడ్ స్క్రూలు కావాలి. వాటిలో చాలా మోడళ్లకు అదనపు స్క్రూలు ముందు ప్యానెల్ తీస్తే అక్కడే ఇనుముకు బిగించి ఉంటాయి. నల్లవి ఎం3, వెండి రంగువి 6-32. కొనక్కర్లేదు.

బ్రాకెట్ దొరకని ఊళ్లో? ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లో 20 మి.మీ. ఎం3 ఇత్తడి స్పేసర్లు నాలుగు తీసుకోండి. ఒక కొసన మర బయటికి, రెండో కొసన లోపలికి ఉండే రకం. బయటి మర రీడర్ పక్క రంధ్రంలోకి పోతుంది, లోపలి మరలోకి బే గాడి గుండా స్క్రూ వస్తుంది. తక్కువైన 2 మి.మీ.లకు అర మి.మీ. వాషర్లు నాలుగేసి. స్పేసర్ మర పొడుగెక్కువై రీడర్ లోపలికి చొచ్చుకుపోతే, ఆ నాలుగింటిలోనే ఒకటి రెండు వాషర్లు రీడర్ వైపు వేయండి. ముందు పలక మాత్రం మీరే కోసుకోవాలి. డబుల్ సైడెడ్ టేపు సలహా ఎవరైనా ఇస్తే వినకండి. ఎండాకాలం క్యాబినెట్ వేడికి జిగురు కరిగి రీడర్ కిందికి వేలాడుతుంది.

అంతా అయ్యాక విండోస్‌లో రీడర్ కనిపించకపోతే కంగారు పడకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్ కింద ‘హైడ్ ఎంప్టీ డ్రైవ్స్’ అని ఉంటుంది. అది టిక్ అయి ఉంటే కార్డు లేని స్లాట్లను విండోస్ చూపించదు. కార్డు పెట్టి చూడండి. అప్పుడూ రాకపోతే ఆ రీడర్ ఏ కాలానిదో చూడాలి. 2006లో ఎస్‌డీహెచ్‌సీ (2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డుల ప్రమాణం) రాకముందు చేసిన రీడర్లు 2 జీబీ దాటిన కార్డులను అసలు గుర్తించవు.

ప్రశ్న (గుంటూరు నుంచి): అదే డీవీడీ ఖాళీలో ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చా? మా సిస్టమ్‌లో హార్డ్‌డిస్క్ చోటు నిండిపోయింది.

జవాబు: నిక్షేపంగా. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేదీ లేదు, నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా దానికి ఒకటే. బయటికి కనిపించక్కర్లేదు కాబట్టి ముందు మూత అలాగే ఉంచి, 2.5 నుంచి 5.25కు మార్చే బ్రాకెట్ వాడండి. ఎం3 స్క్రూలే, కానీ డిస్క్‌లోకి దిగేది 3 మి.మీ. మించకూడదు. అది కూడా లేనప్పుడు పాడైన డీవీడీ రైటర్ డొల్ల పనికొస్తుంది. లోపలి సామానంతా తీసేసి, అడుగు రేకుకు రంధ్రాలు వేసి ఎస్‌ఎస్‌డీ బిగిస్తే బేలో అచ్చు గుద్దినట్టు కూర్చుంటుంది.

జాగ్రత్త పడాల్సింది పవర్ దగ్గర. డీవీడీ రైటర్ సాటాదైతే (డిస్కులను బోర్డుకు కలిపే సన్నటి కేబుల్ పద్ధతి) దాని పవర్ వైరు, డేటా కేబుల్ రెండూ దీనికే తగిలించవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) సాటా వైర్లు అయిపోయి నాలుగు పిన్నుల మోలెక్స్ మాత్రమే మిగిలితే కన్వర్టర్ కావాలి. దాని సాటా కొస చూసి కొనండి. వైర్ల మీద ప్లాస్టిక్ కరిగించి పోసి ముద్దలా చేసినవి చవక, కానీ లోపల వైర్లు జరిగి ఒకదానికొకటి తగిలి కాలిపోయే గుణం వాటిది. వైర్లు విడివిడిగా కనిపిస్తూ, వెనక మూత తీసి పెట్టేలా ఉన్నది తీసుకోండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగులు) సాటా మోడ్ ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంటే, విండోస్ కొత్తగా వేసేముందే ఏహెచ్‌సీఐకి మార్చండి. వేశాక మారిస్తే నీలి తెర పలకరించే అవకాశం ఎక్కువ.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): పాత ల్యాప్‌టాప్‌లోని డీవీడీ డ్రైవ్ డెస్క్‌టాప్‌కు పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టొచ్చు, కానీ ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదు. ల్యాప్‌టాప్ డ్రైవ్ 12.7 లేదా 9.5 మి.మీ. మందం, పవర్ కొస ఆరు పిన్నులదే, నడిచేది 5 వోల్టుల మీదే. దానికి వేరే కేబుల్, వేరే బ్రాకెట్, ఎం2 స్క్రూలు కావాలి. ల్యాప్‌టాప్ ఒంపుకు తగ్గట్టు చేసిన మొహం డెస్క్‌టాప్ పలకలో ఇమడదు. ఇవన్నీ కొనే డబ్బుతో సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ రైటరే వస్తుంది.

ప్రశ్న (తెనాలి నుంచి): డీవీడీ బేలో పెట్టే యూఎస్‌బీ 3.0 ప్యానెల్ తెచ్చాను. దాని లావు ప్లగ్గుకు మా బోర్డులో చోటే లేదు.

జవాబు: ఆ నీలం ప్లగ్గు 19 పిన్నులది. పాత బోర్డుల్లో ఆ హెడర్ ఉండదు. 9 పిన్నులకు మార్చే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది గానీ, దాంతో వచ్చేది పాత 480 మెగాబిట్ల వేగమే. నిజంగా 3.0 కావాలంటే లోపల 19 పిన్నుల హెడర్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కొనండి. చాలా కార్డులకు ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి విడిగా పవర్ కూడా ఇవ్వాలి. అది మరిచిపోతే పెన్‌డ్రైవ్ నడిచి, బయటి హార్డ్‌డిస్క్ దగ్గర మొరాయిస్తుంది. విండోస్ 7 అయితే డ్రైవర్ వేసుకోవాలి, 8 నుంచి అక్కర్లేదు. ఈ ప్లగ్గు తీసేటప్పుడు నిటారుగా లాగండి. పక్కకు ఊపితే బోర్డు మీది పిన్నులు వంగుతాయి, వాటిని తిరిగి సూదితో నిలబెట్టడం తలనొప్పి.

ప్రశ్న (కర్నూలు నుంచి): పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియో మాది. ప్రతి పెళ్లికీ ఒక హార్డ్‌డిస్క్. క్యాబినెట్ తెరిచి కేబుళ్లు మార్చడం విసుగ్గా ఉంది.

జవాబు: డీవీడీ బేలో కూర్చునే హాట్‌స్వాప్ ర్యాక్ (కంప్యూటర్ ఆపకుండానే డిస్క్ మార్చుకునేది) మీకోసమే పుట్టింది. తలుపు తీసి 3.5 అంగుళాల డిస్క్‌ను నేరుగా తోసేయడమే. మామూలు సాటా కేబుల్ కొసను ఒక యాభై సార్లు పీకి పెట్టడానికే లెక్కగట్టి చేస్తారు, ర్యాక్ లోపలి సాకెట్‌ను అయిదొందల సార్లకు. సీజన్‌లో మీ వాడకానికి ఆ తేడా బాగా తెలుస్తుంది. బయోస్‌లో ఏహెచ్‌సీఐతో పాటు ఆ పోర్టుకు ‘హాట్ ప్లగ్’ కూడా ఆన్ చేయాలి, లేదంటే రీస్టార్ట్ చేస్తే తప్ప కొత్త డిస్క్ కనిపించదు. తీసేటప్పుడు విండోస్‌లో ఎజెక్ట్ కొట్టి, తిరిగే చప్పుడు ఆగేదాకా ఓ పది సెకన్లు ఆగండి. తిరుగుతున్న డిస్క్‌ను చేత్తో వంచితేనే దెబ్బ తగిలేది. 2 టీబీ దాటిన కొత్త డిస్క్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు డిస్క్‌ను విభజించే పద్ధతిగా జీపీటీ ఎంచుకోండి, పాత ఎంబీఆర్ ఎంచుకుంటే మిగతా చోటు వృథా. ఇక ర్యాక్ వెనక చిన్న ఫ్యాను ఉన్న రకమే తీసుకోండి. గంటల తరబడి ఎడిటింగ్ సాగే గదిలో మూసిన పెట్టెలో డిస్క్ వేడెక్కుతుంది, చాలా డిస్కులకు తయారీదారులు పెట్టిన హద్దు 60 డిగ్రీలు.