మీ ప్రశ్నలు – డాక్టరు జవాబులు: మత్తుమందు కథలో హైదరాబాద్ వాటా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు మత్తుమందు గురించే. ముప్ఫై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో రోగి తల దగ్గర నిలబడి చేసిన పని కాబట్టి ఈసారి పేజీ అంతా వాటికే ఇచ్చేస్తున్నాను. మిగతా ప్రశ్నలు వచ్చే నెల.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. మత్తుమందు కనిపెట్టింది మార్టన్ అని ఒకచోట, క్రాఫర్డ్ లాంగ్ అని ఇంకోచోట, హొరేస్ వెల్స్ అని మరోచోట చదివాడు. క్విజ్‌లో ఏది రాయాలో చెప్పమని నా ప్రాణం తీస్తున్నాడు. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ప్రశ్నలో మాట ఎలా ఉందో చూసుకుని రాయమనండి. పదిమంది ముందు చేసి చూపించి లోకాన్ని ఒప్పించింది ఎవరు అంటే మార్టన్. ఆపరేషన్‌కి ఈథర్ ముందుగా వాడింది ఎవరు అంటే లాంగ్. ఈయన అమెరికాలో జార్జియా రాష్ట్రంలో జెఫర్సన్ అనే చిన్న ఊరి డాక్టరు. 1842 మార్చి 30న జేమ్స్ వెనబుల్ అనే అతనికి ఈథర్ పీల్పించి మెడ మీది కణితి తీసేశాడు. కానీ 1849 దాకా ఆ సంగతి ఎక్కడా అచ్చు వేయించలేదు, ఆ ఏడేళ్ళలో పేరు వేరేవాళ్ళకి పోయింది.

వీళ్ళలో నాకు ఎక్కువ బాధ కలిగించేది వెల్స్ కథ. ఆయన హార్ట్‌ఫర్డ్‌లో పళ్ళ డాక్టరు. 1844 డిసెంబర్ 10న ఊళ్ళో నవ్వించే గ్యాసు, అదే నైట్రస్ ఆక్సైడ్, ప్రదర్శన పెడితే చూడ్డానికి వెళ్ళాడు. గ్యాసు పీల్చిన శామ్యూల్ కూలీ అనే అతను ఒళ్ళు తెలియకుండా గెంతుతూ దేనికో కొట్టుకుని కాలికి దెబ్బ తగిలించుకున్నాడు, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, రక్తం కారుతోంది, కానీ దెబ్బ తగిలినట్టే అతనికి తెలియదు. జనం వచ్చింది నవ్వుకోవడానికి, వెల్స్ చూపు మాత్రం ఆ కాలి మీద పడింది. మర్నాడే అదే గ్యాసు తను పీల్చి, తోటి డాక్టరు జాన్ రిగ్స్ చేత తన పన్నే పీకించుకున్నాడు. ముందు తన మీద చేసుకుని చూశాడు కాబట్టే ఈయనంటే నాకు గౌరవం. నెల తిరిగాక బోస్టన్‌లో వైద్య విద్యార్థుల ముందు చేసి చూపించబోతే, గ్యాసు సంచీ తొందరపడి తీసేయడంతో రోగి అరిచాడు, అందరూ మోసం మోసం అని గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆయన తేరుకోలేదు. 1848 జనవరిలో న్యూయార్క్ జైల్లో తన ప్రాణం తనే తీసుకున్నాడు.

మార్టన్ ఒకప్పుడు ఈ వెల్స్‌తో కలిసి ప్రాక్టీసు చేసినవాడే. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో గిల్బర్ట్ ఆబట్ అనే యువకుడికి ఒక గాజు గోళంలోంచి ఈథర్ పీల్పించాడు, పెద్ద సర్జన్ జాన్ కాలిన్స్ వారెన్ అతని మెడ దగ్గరి గడ్డ తీశారు. తెలివొచ్చాక ఆబట్ నొప్పి లేదు, ఏదో గీకినట్టు అనిపించింది అన్నాడట. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత మార్టన్ దానికి లీథియాన్ అని కొత్త పేరు పెట్టి, లోపల ఉన్నది ఈథర్ అని మొదట్లో దాచిపెట్టి, దాని మీద పేటెంట్ కూడా తెచ్చుకున్నాడు. నొప్పి తగ్గించే మందు పేరు దాచి డబ్బు చేసుకోవాలనుకోవడం నాకు ఏ కోశానా మింగుడు పడదు. వాసన పట్టి డాక్టర్లు గుర్తుపట్టేశారు లెండి, ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ ఆయన కోర్టుల చుట్టూ, ప్రభుత్వం చుట్టూ తిరగడంతోనే సరిపోయింది.

మీ అబ్బాయికి ఇంకో పేరు కూడా చెప్పండి. జపాన్‌లో హనఓకా సేయిషూ అనే సర్జన్ 1804లోనే, అంటే లాంగ్ కంటే 38 ఏళ్ళ ముందే, తాగే మందుతో నిద్రపుచ్చి ఒక పెద్దావిడకి రొమ్ము క్యాన్సర్ గడ్డ తీశాడు. ఆ మందులో ముఖ్యమైనవి మనకి తెలిసిన ఉమ్మెత్త, వసనాభి జాతి మొక్కలు. అప్పట్లో జపాన్ తలుపులు మూసుకుని ఉంది కాబట్టి సంగతి బయటికి పొక్కలేదు. ఆ మందు సరిచూసే రోజుల్లో తన మీద ప్రయోగానికి ఒప్పుకున్న ఆయన భార్యకి కళ్ళు పోయాయని చెబుతారు. క్విజ్‌లో ఆవిడ ప్రస్తావన రాదు, అందుకే ఇక్కడ రాశాను.

ప్రశ్న: మన ఆయుర్వేదంలో మత్తుమందు వేల ఏళ్ళ కిందటే ఉందంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: సుశ్రుతుడు కోతకి ముందు రోగికి తిండి పెట్టమని, అలవాటున్నవాళ్ళకి గట్టి మద్యం పట్టమని రాశాడు. నొప్పి గురించి ఆలోచించాడన్నది గొప్ప సంగతే, కానీ ఇప్పుడు మనం మత్తు అనుకునేది అది కాదు. ఈథర్ మాత్రం బోస్టన్‌లో చేసి చూపించిన ఆరు నెలలు తిరక్కుండానే, 1847లో, కలకత్తా చేరింది. ఓడలు నడిచే కాలానికి అది చాలా వేగం. పైన ఉమ్మెత్త అన్నాను కదా అని దయచేసి ఎవరూ ఇంట్లో నూరకండి. మందుకీ విషానికీ మధ్య తేడా అందులో చాలా తక్కువ.

ప్రశ్న: క్లోరోఫాం మీద ప్రపంచం అంతా కొట్టుకుంటుంటే తీర్పు చెప్పింది హైదరాబాద్ అని మా తాతగారు అనేవారు. నిజాం డబ్బుతో పరిశోధన జరిగిందట. ఇది కథా, చరిత్రా? – ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: చరిత్రేనమ్మా. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు రెండు చేతులా నమస్కారం.

ముందు గొడవేంటో చెప్పాలి. 1847 నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే కానుపుల డాక్టరు తన ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, ఇద్దరు సహాయకులతో కలిసి క్లోరోఫాం పీల్చి చూశాడు. ముగ్గురూ కింద పడిపోయారు. లేచాక ఇది ఈథర్ కంటే మేలు అని తేల్చుకున్నారు, అది వాసనా తీపి, పనీ తొందర, రుమాలు మీద నాలుగు చుక్కలు చాలు. కానీ మూడు నెలలు కూడా కాకుండానే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి కూర్చుని క్లోరోఫాంతో నిమిషాల్లో పోయింది. గోరు కోసం! భయంతో ఆ పిల్ల ముందు నుంచీ ఏడుస్తూనే ఉందట. అప్పటి నుంచి డాక్టర్లు రెండు జట్లయ్యారు. క్లోరోఫాం గుండెని ఆపేస్తుంది అని ఒక జట్టు, ఊపిరిని ఆపుతుంది, ఊపిరి మీద కన్నేసి ఉంచితే ఏమీ కాదు అని రెండో జట్టు.

రెండో జట్టులో గట్టివాడు ఎడ్వర్డ్ లారీ. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీకి సర్జన్, మెడికల్ స్కూలు ప్రిన్సిపల్, ఎడిన్‌బరోలో చదువుకున్నవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ పెట్టి, కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే అని ప్రకటించాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. దాంతో నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అనిపించాడు. అలా 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న శాస్త్రవేత్త ఓడెక్కి హైదరాబాద్ వచ్చాడు. క్లోరోఫాం గుండెకి ప్రమాదమే అన్న అభిప్రాయంతో వచ్చినవాడు, కోతులు, గుర్రాలు, మేకలతో సహా నాలుగు వందలకి పైగా జంతువుల మీద చూసి, లారీ చెప్పిందే నిజమని తంతి కొట్టాడు. అంటే పరీక్ష పెట్టడానికి వచ్చినవాడే ఒప్పుకున్నాడు, అదీ మన మూసీ ఒడ్డున.

మీ తాతగారు చెప్పని సగం కూడా చెప్పాలి. ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ అనే ఆయన పిల్లుల మీద చేసి చూపించాడు, క్లోరోఫాం పైపైన ఇచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోతుందని. అడ్రినలిన్ పెరిగేది ఎప్పుడు? భయపడినప్పుడు, పైపై మత్తులో కత్తి పడ్డప్పుడు. హైదరాబాద్‌లో ఎక్కువగా బాగా లోతైన మత్తులోకి తీసుకెళ్ళి చూశారు, అందుకే వాళ్ళకి ఊపిరి ముందు ఆగడమే కనిపించింది. హానా గ్రీనర్ ఏడుపు గుర్తుందా? ఆ పిల్ల పోయింది ఇందువల్లే అని కొందరు, స్పృహ లేనప్పుడు నోట్లో పోసిన బ్రాందీ ఊపిరితిత్తుల్లోకి పోయి అని ఇంకొందరు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటారు. క్లోరోఫాం ఇప్పుడు థియేటర్లలో ఎక్కడా లేదు. అయినా లారీ తన విద్యార్థులకి నూరిపోసిన మాట, ఊపిరి మీద నుంచి కన్ను తిప్పకు అన్నది, నా చేత కూడా ముప్ఫై ఏళ్ళు పని చేయించింది.

ఆ విద్యార్థుల్లోనే రూపాబాయి ఫర్దూంజీ ఉన్నారు. పార్సీ అమ్మాయి, 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి ఐదుగురు ఆడపిల్లల్లో ఒకరు, 1889లో హకీం పట్టా, అంటే అప్పటి డాక్టరు పట్టా, తీసుకుని, క్లోరోఫాం ఇవ్వడమే తన పనిగా పెట్టుకున్నారు. రెసిడెన్సీ ఆసుపత్రిలోనూ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ చేశారు. ఆ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదకి దెబ్బతిన్నాక దాని వారసత్వంగా వచ్చిందే ఇప్పటి ఉస్మానియా. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరు అని ఈవిడనే చెప్పుకుంటారు. నేను చదువుకున్నప్పుడు మార్టన్ గురించి అరగంట పాఠం విన్నాను, ఈవిడ పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఇది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ప్రశ్న: నాలుగేళ్ళ కిందట సిజేరియన్‌కి నడుంలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పటి నుంచి నడుం నొప్పి. ఆ సూది వల్లేనని మా అత్తగారు, అమ్మ, పక్కింటివాళ్ళు అందరూ అంటున్నారు. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇది ప్రతి ఇంట్లో వినే మాటేనమ్మా. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపు ఉంటుంది, అది నిజం. ఏళ్ళ తరబడి నొప్పికి మాత్రం సాధారణంగా కారణం సూది కాదు, కడుపుతో ఉన్నప్పుడు నడుం మోసిన బరువు, వదులైన కీళ్ళు, ఆ తర్వాత వంగి పిల్లని ఎత్తుకోవడం, కూర్చుని పాలివ్వడం. ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించుకోండి, సూది మీదకి నెట్టేసి ఊరుకుంటే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఆ సూది నిజంగా తెచ్చిపెట్టగలిగేది తలనొప్పి. ఆ తలనొప్పిని తన ఒంటి మీదే అనుభవించినవాళ్ళలో ఈ పద్ధతి మొదలుపెట్టినవాడు కూడా ఉన్నాడు. జర్మనీలో కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ 1898 ఆగస్టులో వెన్నులోకి కొకెయిన్ ఎక్కించి రోగికి కాలి ఆపరేషన్ చేశాడు. వారం తర్వాత దాని సంగతేంటో తేల్చుకోవాలని తన వెన్నులోనే గుచ్చమని సహాయకుడు హిల్డెబ్రాంట్‌కి చెప్పాడు. సిరంజి సూదికి సరిగ్గా బిగవలేదు, మందు బయటికి పోయింది, వెన్నులోని నీరు కూడా కారిపోయింది. దాంతో ఈసారి హిల్డెబ్రాంట్ తన వెన్నులో గుచ్చించుకున్నాడు. మత్తు ఎక్కాక బీర్ అతని కాలు గిల్లాడు, చుట్టతో కాల్చాడు, ఇనప సుత్తితో మోకాలి కింద ఎముక మీద కొట్టాడు. నొప్పే లేదు! మర్నాడు మాత్రం కాలంతా కమిలిపోయి ఉంది. బీర్‌కి లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే మాయం, తొమ్మిది రోజులు అలాగే ఉన్నాడు. ఇప్పటి సూదులు వెంట్రుకంత సన్నం, కాబట్టి ఆ తలనొప్పి చాలా తక్కువమందికి వస్తుంది. వచ్చినా గుర్తు అదే, లేస్తే ఎక్కువ, పడుకుంటే తక్కువ.

ప్రశ్న: మా అత్తయ్యకి వచ్చే వారం గాల్ బ్లాడర్ ఆపరేషన్. 72 ఏళ్ళు, బీపీ, షుగర్ ఉన్నాయి. మత్తులోంచి లేవనేమో అని ఆవిడకి ఒకటే టెన్షన్. పైగా ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినొద్దంటే, మాత్ర వేసుకునే మనిషి ఖాళీ కడుపుతో ఎలా ఉంటుంది? – ఒక కోడలు, రాజమండ్రి

జవాబు: ఆవిడ భయం న్యాయమైనదే, తీసిపారేయకండి. భయం గుండెని ఏం చేస్తుందో పైన చదివారు కదా. ఇప్పటి మందులు క్లోరోఫాం లాంటివి కావు, పైగా వేలికి ఒక క్లిప్పు పెడతారు. 1974లో జపాన్‌లో తకువో అవోయాగి కనిపెట్టిన సూత్రం అది, చర్మం గుండా వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. అది కూసే శబ్దం ఆక్సిజన్ తగ్గేకొద్దీ బొంగురుపోతుంది. మానిటర్ వైపు వీపు పెట్టి నిలబడినా నా చెవికి ఆ తేడా తెలిసిపోయేది. అత్తయ్యగారికి చెప్పండి, ఆపరేషన్ అయ్యేంతవరకూ ఒక డాక్టరు పని కేవలం ఆవిడ ఊపిరి, గుండె చూసుకోవడమేనని.

తిండి సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. 1946లో అమెరికాలో మెండెల్సన్ అనే డాక్టరు కానుపుల సమయంలో మత్తులో ఉన్న తల్లుల కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయిన 66 కేసులు రాశాడు. మత్తులో గొంతుకి కాపలా ఉండదు, దగ్గు రాదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక పెద్దాయన, ఏమన్నా తిన్నారా అని మూడుసార్లు అడిగినా లేదన్నాడు. మత్తు ఎక్కుతుండగా నోట్లోంచి ఇడ్లీ ముక్కలు వచ్చాయి. తల పక్కకి తిప్పి, గొట్టంతో లాగి, ఆయన్ని వెంటిలేటర్ మీద పెట్టి పది రోజులు కంటి మీద కునుకు లేకుండా గడిపాం. బతికాడు. తర్వాత అడిగితే, రెండే కదా తిన్నాను, చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారని చెప్పలేదు అన్నాడు.

మామూలుగా తిండి ఆరు గంటల ముందు ఆపాలి, నూనె వస్తువులయితే ఎనిమిది. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకూ చాలాచోట్ల ఒప్పుకుంటారు, కానీ మీ డాక్టరు చెప్పిన లెక్కే మీకు లెక్క. పాలు కలిపిన టీ నీళ్ళ కింద రాదు, తిండి కిందే వస్తుంది. ఆవిడ వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసి ముందు రోజే మత్తు డాక్టరుకి చూపించండి. బీపీ మాత్రల్లో కొన్ని గుక్కెడు నీళ్ళతో ఆ ఉదయం వేసుకోమంటారు, కొన్ని మానేయమంటారు. షుగర్ మాత్ర, ఇన్సులిన్ మాత్రం ఖాళీ కడుపు మీద మీ అంతట మీరు ఇవ్వకండి, ఎప్పుడు ఆపాలో అడిగి కాగితం మీద రాయించుకోండి. కదిలే పన్ను ఉన్నా, కట్టుడు పళ్ళున్నా అది కూడా చెప్పండి.