అప్పడాల వ్యాపారం పెడతానంటున్న మా బుజ్జమ్మకి

బరంపురం

బుజ్జమ్మా,

మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "అక్కా, ఇది భువనేశ్వర్‌లో ఉద్యోగం మానేసి పర్లాకిమిడిలో అప్పడాలూ పచ్చళ్ళూ పెడతానంటోంది, నువ్వైనా గడ్డి పెట్టు" అంది. సరే చెబుతానన్నాను. ఏం చెబుతానో మాత్రం అనలేదు. ఫోన్ పెట్టేసి మీ పెదనాన్నతో "చూశారా, మన ఇంటి పిల్లే" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి సరుకుల భద్రత చూసే సర్కారు సంస్థ) నంబరు రాకుండా ఒక్క ప్యాకెట్ కూడా గడప దాటకూడదు. ప్యాకెట్ మీద బరువు, ధర, కట్టిన నెల, నీ చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి. పేరు ఒడియాలోనూ తెలుగులోనూ వెయ్యి. ఇంటి ఖాతా వేరు, వ్యాపారం ఖాతా వేరు. చిన్న వ్యాపారాలని సర్కారు నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు, చేయించి పెడతానని డబ్బడిగేవాణ్ని గుమ్మంలోంచే పంపెయ్. బ్యాంకులో ముద్రా అప్పు అడిగితే, అందులో శిశు అనే చిన్న తరగతి కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. అంతకు మించి మొదటి ఏడాది నీకు అక్కర్లేదు.

సరిహద్దు సంగతి మాత్రం కాస్త నిదానంగా చదువు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం సైకిలు మీద పోవచ్చు, కానీ పన్నుల లెక్కలో అది వేరే రాష్ట్రం, ఆంధ్ర. అప్పడానికి జీఎస్టీ లేదు, పచ్చడికి ఉంది. ఒడిశాలోనే అమ్ముకుంటే ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు. అదే ఆవకాయ సీసా ఒక్కటి పాతపట్నం కొట్టువాడికి అమ్మావా, రిజిస్ట్రేషన్ తప్పదు. కాంపోజిషన్ అని చిన్న వ్యాపారులకి జీఎస్టీలో ఒక తేలిక పద్ధతి ఉంది, అందులో చేరితే సులువని ఎవరో ఒకరు చెబుతారు. అందులో ఉన్నవాళ్ళు రాష్ట్రం దాటించి సరుకు అమ్మకూడదు. అందుకని మొదటి ఏడాది ఒట్టి అప్పడాలే పెట్టు. ఏటికి ఆవల ఉన్నవాళ్ళకి కూడా నిశ్చింతగా అమ్ముకోవచ్చు. పచ్చళ్ళు చెయ్యి తిరిగాక చూద్దువుగాని. మా రోజుల్లో ఆంధ్ర హద్దు మీద గిరిసోలా చెక్‌గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి. మీ పెదనాన్న నాలుగు బస్తాల అప్పడాలకి కాగితాలు పట్టుకుని లారీల మధ్య తిరిగేవారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఆ గేటు బాధ పోయింది. ఇప్పుడు గేటు కనబడదు కాబట్టి హద్దే లేదనుకుంటారు మీ పిల్లలు.

ఇక అసలు మాట. ఇది మీ పెదనాన్న కథ. పక్కనే కూర్చుని, రాయొద్దంటున్నారు, రాస్తున్నాను.

అప్పట్లో మా అప్పడాలు తీసుకునేవన్నీ చిన్న చిన్న కిరాణా కొట్లు. బరంపురం సందుల్లో కొన్ని, గోపాల్‌పూర్ దారిలో కొన్ని, ఛత్రపురం వైపు కొన్ని. ఈయన మోపెడ్ మీద వారం వారం వెళ్ళి సరుకు వేసి, పాత బాకీ తెచ్చుకునేవారు. ఒక్కో కొట్లో వచ్చేది తక్కువే. ఎవరో ఒకరు ఎగ్గొట్టేవారు కూడా. కానీ అందరూ ఒకేసారి ఎగ్గొట్టరు కదా, మిల్లులో పిండి ఆడించుకోడానికి ప్రతి వారం చేతిలో డబ్బాడేది. 2013లో పైనుంచి ఒక పెద్ద వ్యాపారి వచ్చాడు. పేరు వద్దు. దసరా, దీపావళికి మీరు చేసినవన్నీ నాకే ఇవ్వండి, పండగ కాగానే మొత్తం లెక్క అన్నాడు. ఈయన మురిసిపోయారు. మోపెడ్ మూల పెట్టేశారు. కొట్లవాళ్ళు ఫోన్ చేస్తే "పండగయ్యాక చూద్దాం" అన్నారు. కాగితం ముక్క లేదు, అంతా నోటి మాటే.

అక్టోబరు 12 సాయంత్రం గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. బరంపురంలో చెట్టన్నది నిలబడలేదు, ఎన్నో రోజులు కరెంటు రాలేదు. పంపడానికి కట్టి ఉంచిన సరుకంతా చెమ్మ పట్టి బూజొచ్చింది. అది పోతే పోయింది, తుఫానుని ఎవరు ఆపగలరు? కానీ తుఫానుకి ముందే అందుకున్న సరుక్కి కూడా ఆ పెద్దమనిషి "నాకూ చెమ్మవే వచ్చాయి" అని చేతులెత్తేశాడు. అడగడానికి మా దగ్గరేముంది?

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఈయన మళ్ళీ మోపెడ్ తీసి పాత కొట్లకి వెళితే, అక్కడ వేరేవాళ్ళ ప్యాకెట్లు వేలాడుతున్నాయి. ఎవరూ కసురుకోలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపారు. కసిరినా బాగుండేదని ఇప్పటికీ అంటారు. ఆ కొట్లు ఒక్కొక్కటిగా మళ్ళీ మన వైపు తిరగడానికి ఏళ్ళు పట్టింది, కొన్ని తిరగనే లేదు.

పనివాళ్ళ కూలి మాత్రం ఒక్క వారం కూడా ఆపలేదు. ఎలా కట్టామో మీ అమ్మనడుగు. ఆ రోజుల్లో మీ నాన్న జీతంలో సగం మా ఇంటికొచ్చేది. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి, పండక్కి కొత్త గౌను లేదని ఏడ్చావట. అందుకే నీ మాట వినగానే మీ అమ్మకి గుండె ఝల్లుమంది. నువ్వు దాని మీద విసుక్కోకు.

"ఆ తుఫాను రాకపోతే బాగుపడేవాళ్ళమే" అంటున్నారు ఈయన. తుఫాను రాకపోవచ్చు గానీ అక్టోబరు ఏటేటా వస్తుంది కదా అన్నాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి మీ గజపతి జిల్లా ఏమైపోయిందో నీకు నేను చెప్పాలా? అక్టోబరు వచ్చేసరికి ఇంట్లో సరుకు నిలవ ఉండకూడదు. పండగ సరుకు సెప్టెంబరులోనే కొట్లకి చేర్చేసెయ్. మిగిలినదేదైనా అటక మీద, డబ్బాల్లో. సరుకుకి బీమా చేయిస్తే అందులో తుఫానూ వరదా ఉన్నాయో లేదో సంతకానికి ముందు చదువు. నేను మరీ బెదరగొడుతున్నానని నవ్వుకుంటావేమో, నవ్వుకో.

ఎంత పెద్ద వ్యాపారి వచ్చినా నీ తయారీలో నాలుగో వంతు మించి ఇవ్వకు. ఇచ్చేది కూడా కాగితం మీద. ఉద్యంలో నమోదైన చిన్న తయారీదారుకి కొన్నవాడు ఒప్పంద పత్రం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి, దాటితే వడ్డీ. ఆ చట్టం 2006 నుంచే ఉంది. మా చెవిన వేసినవాళ్ళు లేరు. నీ చెవిన వేస్తున్నాను.

ఇంకొకటి, అప్పడాలు ఒత్తేది ఆడవాళ్ళు. జూన్ నడుమ రజో పండగ మూడు రోజులూ ఒడియా పిల్లలు రోకలి ముట్టరు, ఉయ్యాలలూగుతారు. మన తెలుగువాళ్ళు సంక్రాంతికి రారు. ఆ రోజుల్లో ఆర్డరు ఒప్పుకుని తర్వాత వాళ్ళ మీద అరవకు. కూలి శనివారం చీకటి పడకముందే చేతిలో పెట్టు. పలచగా ఒత్తే చెయ్యి దొరకడం కష్టం, దొరికితే వదులుకోకు. నువ్వు కూడా నెలకి కొన్నాళ్ళు పీట ముందు కూర్చో. పిండిలో సోడా ఎక్కువైతే తినేవాడి నాలుక్కంటే ముందు ఒత్తేవాళ్ళ వేళ్ళకి తెలుస్తుంది.

పచ్చళ్ళు మొదలుపెట్టిన రోజున మన వాళ్ళకి నువ్వుల నూనెతో, ఒడియా ఇళ్ళకి ఆవనూనెతో విడివిడిగా కలుపు. కార్తీకంలో వెల్లుల్లి లేనిది కూడా ఉంచు, రెండిళ్ళవాళ్ళూ అడుగుతారు. కొలతలు నువ్వొచ్చినప్పుడు చెబుతాను. రాస్తే మీ పెదనాన్న దిద్దుతానంటారు.

పర్లాకిమిడిలో ఏదో ఇల్లు చూశావట కదా. అడ్వాన్సు ఇచ్చెయ్యకు. వానాకాలంలో దాని గోడలెలా ఉంటాయో పక్కింటివాళ్ళని అడుగు, మేడ మీద అప్పడాలు ఆరబెట్టుకోనిస్తారో లేదో ఇంటివాళ్ళని అడుగు. ఆదివారం ఈయన బస్సెక్కి వస్తారు. వద్దనకు, రావచ్చా అని నిన్నడగమనడానికే ఇందాకట్నుంచి నా పక్కన కూర్చున్నారు. అన్నం వండి ఉంచు, పులుపు తగ్గించు.

మీ పెద్దమ్మ